ఆలిస్ ఇన్ చెయిన్స్ గురించి రాస్తున్న మా అబ్బాయికి

చిరంజీవి కార్తీక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మీ కాలేజీ పత్రిక కోసం సియాటిల్ రాక్ బ్యాండు ఆలిస్ ఇన్ చెయిన్స్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. తొంభైల తొలినాళ్ళలో హైదరాబాదులో ఒకరి క్యాసెట్ నుంచి ఒకరం ఎక్కించుకుని విన్న బ్యాండు గురించి, అప్పటికి పుట్టనైనా పుట్టని మా ఇంటి పిల్లవాడు ఇంత ఇష్టంగా రాశాడంటే నాకెంత సంతోషమో వేరే చెప్పనక్కర్లేదు. అయితే నువ్వు అడిగింది మెప్పు కాదు, సలహా. కాబట్టి మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను.

నీ వ్యాసం ఆ బ్యాండు గాయకుడు లేన్ స్టేలీ మరణంతో మొదలై, మళ్ళీ ఆ మరణం దగ్గరే ముగిసింది. నడుమ పాటల గురించి పట్టుమని పది వాక్యాలు లేవు. ఈ బ్యాండు మీద ప్రేమతో కలం పట్టినవాళ్ళలో చాలామంది ఇదే దారిన పోతారు, ఎందుకంటే ఒక మనిషి ఎలా పోయాడో రాయడం సులువు, అతని పాట చెవిలో ఏం చేస్తోందో రాయడం కష్టం. నువ్వు ఆ కష్టమే పడాలని నా కోరిక. చావుతో మొదలుపెట్టకు, గొంతుతో మొదలుపెట్టు. అదీ ఒక గొంతుతో కాదు, రెండింటితో.

మన చెవి పెరిగిన సంగీతంలో ఒకే రాగధార ప్రధానం. కచేరీలో వయొలిన్ గాయకుడి వెంట నడుస్తుందే తప్ప, అతను ఒక స్వరం పట్టుకున్నప్పుడు తాను వేరే స్వరం పట్టుకుని ఆసాంతం పక్కపక్కనే సాగిపోదు. ఇళయరాజా వంటివారు సినిమా పాటల్లో ఆ అలవాటును కొంత మార్చినా, ఇప్పటికీ మనం పాట వినగానే ముందు వెతుక్కునేది అసలు గాయకుడినే, మిగిలిన గొంతులన్నీ మనకు కోరస్ కిందే లెక్క. నువ్వూ అలాగే విన్నట్టున్నావు. స్టేలీని గాయకుడిగానూ, జెర్రీ కాంట్రెల్‌ను కేవలం గిటారిస్టుగానూ పరిచయం చేశావు. కాంట్రెల్ వెనక నిలబడి వంత పాడే మనిషి కాదు. ‘వుడ్?’ (Would?) పాటలో చరణాలు పాడేది అతనే, పల్లవి దగ్గర మాత్రమే స్టేలీ గొంతు పైకి లేస్తుంది. ‘నో ఎక్స్‌క్యూజెస్’ దాదాపు మొత్తం ఇద్దరూ కలిసే పాడతారు, అందులో ఏది అసలు వరుస, ఏది తోడు వరుస అని విడదీయబోతే రెండూ చేజారిపోతాయి. ‘డోంట్ ఫాలో’లో సగం దూరం కాంట్రెల్ తీసుకెళ్ళిన పాటను అక్కణ్ణుంచి స్టేలీ అందుకుంటాడు.

ఇది పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటుంది, నువ్వూ చేసి చూడు. ముందు మామూలుగా విను. రెండోసారి వింటున్నప్పుడు స్టేలీని పూర్తిగా వదిలేసి, కింది వరుసను మాత్రమే కూనిరాగంగా పాడుకుంటూ పాట చివరిదాకా పట్టు సడలకుండా వెళ్ళు. మొదట్లో పల్లవి రాగానే నీ గొంతు నీకు తెలియకుండానే పై వరుసలోకి జారిపోతుంది, ఎందుకంటే అలవాటు అటే లాగుతుంది. జారకుండా నిలబడగలిగిన రోజున ఈ బ్యాండులో ఆ వింత దిగులు ఎక్కడి నుంచి పుడుతోందో నీకే తెలుస్తుంది. అది మాటల్లో కంటే, ఆ రెండు స్వరాల మధ్య మిగిలిన సన్నని ఎడంలోనే ఎక్కువగా ఉంది. ఈ సాధనకు ‘డౌన్ ఇన్ ఎ హోల్’ పాటను, అందులోనూ 1996 నాటి అన్‌ప్లగ్డ్ కచేరీ రికార్డింగును ఎంచుకో. విద్యుత్ గిటార్ల హోరు లేకపోవడంతో గొంతులు విడివిడిగా వినిపిస్తాయి.

గిటార్ల సంగతికి వస్తే, నీ వ్యాసంలో ‘బరువైన’, ‘చీకటి’ అన్న విశేషణాలు లెక్కకు మించి కనిపించాయి. అవన్నీ కొట్టేసి, ఆ బరువు ఎలా వస్తుందో చెప్పు. వీళ్ళు చాలా పాటల్లో గిటార్ తీగలన్నింటినీ మామూలు శ్రుతి కంటే అర మెట్టు కిందికి దించి వాయిస్తారు, కొన్ని పాటల్లో అన్నిటికన్నా లావు తీగను ఇంకా కిందికి దించుతారు. తీగ వదులైన కొద్దీ నాదం మందమవుతుంది. ‘మ్యాన్ ఇన్ ది బాక్స్’లో గిటారే మనిషిలా మూలుగుతున్నట్టు ఉందని రాశావు, బాగుంది, కానీ అది నిజంగా నోటితో మలిచిన శబ్దమేనని పాఠకుడికి చెప్పలేదు. టాక్ బాక్స్ అనే పరికరం గిటార్ శబ్దాన్ని ఒక గొట్టం గుండా వాయించేవాడి నోట్లోకి పంపుతుంది, అతను పెదవులు కదిపి అచ్చులు పలుకుతున్నట్టు ఆ శబ్దాన్ని మలుస్తాడు, దాన్ని మైకు అందుకుంటుంది. పైన స్టేలీ కూడా మాటల్లేకుండా అదే వరుసను అనడంతో, ఎక్కడ తీగ ఆగి ఎక్కడ గొంతు మొదలవుతోందో తేల్చుకోలేని స్థితి ఏర్పడుతుంది. ఈ ఒక్క వివరం నీ పది విశేషణాల పెట్టు.

‘దెమ్ బోన్స్’ దగ్గర నీకు, నీ పాఠకులకు కూడా కలిసివచ్చే సంగతి ఒకటుంది. ఆ పాట చరణాల్లో లెక్క ఏడు. నాలుగు దెబ్బలకు తల ఊపడం అలవాటైన రాక్ శ్రోత అక్కడ ఒక అర అడుగు తడబడతాడు, ఆ తడబాటే ఆ పాట బలం. మిశ్రచాపు తాళం చేత్తో వేస్తూ పెరిగిన పిల్లలు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. చిన్నప్పుడు సంగీతం టీచరు దగ్గర నువ్వూ వేశావు. ఆ ఏడు ఎక్కడ విరుగుతోందో, చరణం దాటి పల్లవిలోకి రాగానే లెక్క మళ్ళీ నాలుగులోకి ఎలా సర్దుకుంటోందో తొడ మీద తాళం వేసుకుంటూ చూసి, అదే రాయి. మన శాస్త్రీయ సంగీతాన్ని మధ్యలోకి తెచ్చి పోలికలు పెంచమని నేననడం లేదు, నీకున్న చెవిని వాడుకోమంటున్నాను.

సియాటిల్ గురించి నువ్వు రాసిన పేరాలో వాన మరీ ఎక్కువైంది. ముసురు పట్టిన ఊరు కాబట్టి అక్కడి పాటలూ ముసురు పట్టి ఉంటాయన్న వాదన ముప్పై ఏళ్ళుగా నలుగుతోంది. నేను ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నవాణ్ణి. ఏడాది మొత్తం మీద సియాటిల్‌లో కంటే న్యూయార్కులోనే ఎక్కువ వాన కురుస్తుంది, ఇక్కడిది ఎక్కువ రోజులు పట్టే తుంపర మాత్రమే. వానకు బదులు చోట్లు రాయి. స్టేలీ 1967 ఆగస్టు 22న పుట్టింది కిర్క్‌లాండ్‌లో. ఈ రోజు రెడ్మండ్, బెల్‌వ్యూలతో పాటు మన తెలుగు కుటుంబాలు గుంపులుగా కాపురముంటున్న, లేక్ వాషింగ్టన్ సరస్సుకు తూర్పు ఒడ్డున ఉన్న ఊరది. 1987లో బ్యాండు రూపు దిద్దుకున్నది బాలర్డ్ ప్రాంతంలోని మ్యూజిక్ బ్యాంక్ అనే రిహార్సల్ భవనంలో. స్టేలీ, కాంట్రెల్ అక్కడే ఒకే గదిలో కాపురం పెట్టి, పగలనక రాత్రనక వాయించుకున్నారు. ఆ గొంతుల పొత్తుకు కారణం వెతకాలంటే నేను ఆకాశం వైపు కాక ఆ గది వైపే చూస్తాను.

అదే కాలపు రాక్ బ్యాండులు నిర్వాణ, పర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్‌లతో కలిపి నలుగురినీ ఒకే గాట కట్టడం కూడా తగ్గించు. ఆలిస్ ఇన్ చెయిన్స్ తొలి ఆల్బమ్ ‘ఫేస్‌లిఫ్ట్’ 1990 ఆగస్టులో వచ్చింది, నిర్వాణ ‘నెవర్‌మైండ్’, పర్ల్ జామ్ ‘టెన్’ రెండూ ఆ మరుసటి ఏడాదివి. 1991లో వీళ్ళు స్లేయర్, మెగాడెత్, ఆంత్రాక్స్ అనే మెటల్ బ్యాండుల పర్యటనలో ముందుగా వాయించే బ్యాండుగా తిరిగారు. పంక్ నుంచి వచ్చిన నిర్వాణకూ, హెవీ మెటల్ వేళ్ళున్న వీళ్ళకూ తేడా అక్కడే ఉంది. ఈ ముక్క రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగిపో, ఎక్కువసేపు నిలబడవలసిన చోటు కాదు.

నిలబడవలసిన చోటు ‘రూస్టర్’. వియత్నాం యుద్ధంలో పోరాడి వచ్చిన తన తండ్రి గురించి కాంట్రెల్ రాసిన పాట అది, రూస్టర్ ఆయన ముద్దుపేరు. తండ్రి తనకు ఎన్నడూ విప్పి చెప్పని అనుభవాన్ని కొడుకు ఊహించి, తండ్రి నోటి మాటగా రాశాడు. దాన్ని పాడింది మళ్ళీ కొడుకు కాదు, కొడుకు స్నేహితుడు. పాట మొదట్లో గిటార్ సన్నగా మోగుతుండగా మాటల్లేని ఆలాపన లాంటిది దూరం నుంచి దగ్గరవుతుంది, స్టేలీ మొదటి చరణాన్ని దాదాపు అలసిపోయినవాడిలా పాడతాడు, పల్లవి చేరేసరికి అదే గొంతు మొత్తం బ్యాండు పైన గోడలా లేస్తుంది. పాట చిత్రీకరణలో ఆ తండ్రి స్వయంగా కనిపించి మాట్లాడతాడు. నీ వ్యాసంలో ఈ పాట గురించి ఉన్నవి రెండే వాక్యాలైనా అవి బాగున్నాయి, వాటిని పేరాగా పెంచు.

ఇక నువ్వు ఎక్కువ పేజీలు కేటాయించిన విషయానికి వస్తాను. మత్తుమందు సంగతి దాచమని నేను చెప్పడం లేదు, దాచడం కుదరదు కూడా. 1992 సెప్టెంబరులో వచ్చిన ‘డర్ట్’ ఆల్బమ్‌లో హెరాయిన్ ప్రస్తావన పదేపదే పలకరిస్తుంది, ‘వుడ్?’ పాట వెనకే 1990లో హెరాయిన్‌కు బలైన మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్ ఉన్నాడు. నాకు అభ్యంతరమల్లా ఆ బాధే ఈ గొప్పతనానికి పెట్టుబడి అన్న ధోరణి మీద. స్టేలీయే 1996లో ఒక ఇంటర్వ్యూలో, హెరాయిన్ ఏదో గొప్పని అభిమానులు అనుకోవాలని తాను కోరుకోలేదని, అయినా కొందరు వచ్చి తామూ మత్తులో ఉన్నామని బొటనవేలు ఎత్తి చూపుతుంటే సరిగ్గా తాను జరగకూడదనుకున్నదే జరిగిందనిపించిందని చెప్పుకున్నాడు. నీ వ్యాసం చదివే పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ఆ బొటనవేలు ఎత్తకుండా చూడవలసిన బాధ్యత నీది. మత్తు అతనికి ఇచ్చినదాని కంటే అతని నుంచి గుంజుకున్నది చూపించు: 1996 జూలై తరువాత వేదిక మీద స్టేలీ ఈ బ్యాండుతో మళ్ళీ పాడలేదు, 2002 ఏప్రిల్‌లో ముప్పై నాలుగేళ్ళకే పోయాడు, తొలి బేసిస్టు మైక్ స్టార్ 2011లో పోయాడు. ఇంతకంటే అక్కర్లేదు. ఏప్రిల్ 5 నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ మరణించిన తేదీయేనంటూ నువ్వు అల్లిన ముడి కూడా తీసేయి; స్టేలీని కనుగొన్నది ఏప్రిల్ 19న, అయిదో తేదీ అన్నది అధికారులు వేసిన అంచనా మాత్రమే.

అన్‌ప్లగ్డ్ కచేరీని కూడా నువ్వు అంతిమయాత్రలా వర్ణించావు. 1996 ఏప్రిల్ 10న బ్రూక్లిన్‌లో జరిగిన ఆ కచేరీని మళ్ళీ కళ్ళు విప్పి చూడు. జుట్టుకు గులాబీ రంగు వేసుకుని కూర్చున్న స్టేలీ చిక్కి ఉన్న మాట నిజమే, రెండున్నరేళ్ళుగా వాళ్ళు పూర్తి కచేరీ చేయలేదన్న మాటా నిజమే. కానీ ‘స్లడ్జ్ ఫ్యాక్టరీ’లో అతను మాట తప్పి, తనను తానే తిట్టుకుని, పాటను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నప్పుడు ఆ హాలంతా నవ్వుతుంది. ప్రేక్షకుల్లో కూర్చున్న మెటల్ బ్యాండు మెటాలికా సభ్యులు అప్పటికి కొత్తగా జుట్టు కత్తిరించుకున్నందుకు, స్టార్ తరువాత వచ్చిన బేసిస్టు మైక్ ఐనెజ్ తన బేస్ గిటార్ మీద వాళ్ళను ఆటపట్టిస్తూ ఒక వాక్యం రాసుకొచ్చాడు. చనిపోయేవాడి ముఖం కోసమే వెతికే కంటికి ఇవేవీ ఆనవు.

అభిమాని వ్యాసంలో ఒక ఫిర్యాదైనా ఉండాలి, లేకపోతే పొగడ్తను ఎవరూ నమ్మరు. నా వరకు ‘ఫేస్‌లిఫ్ట్’ రెండో సగం పలుచన. 1994 జనవరిలో వచ్చిన ‘జార్ ఆఫ్ ఫ్లైస్’ను నేను ‘డర్ట్’ కంటే పైన పెడతాను. చేతిలో సిద్ధమైన పాటలేవీ లేకుండా లండన్ బ్రిడ్జ్ స్టూడియోలోకి వెళ్ళి దాదాపు వారం రోజుల్లో ముగించిన ఆ ఏడు పాటల రికార్డు, బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కిన తొలి ఈపీ, అంటే పూర్తి ఆల్బమ్ కంటే చిన్న రికార్డు. అందులోనూ చివరి పాట ‘స్వింగ్ ఆన్ దిస్’ నాకు అతుకులాగే ఉంటుంది. నీ ఫిర్యాదు నాది కానక్కర్లేదు, కానీ ఏదో ఒకటి ధైర్యంగా రాయి.

2006లో గాయకుడిగా విలియం డువాల్ వచ్చాక జరిగినదంతా నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది న్యాయం కాదు. స్టేలీతో వచ్చిన పూర్తి ఆల్బమ్‌లు మూడు, డువాల్‌తో వచ్చినవీ మూడు. 2009 నాటి ‘బ్లాక్ గివ్స్ వే టు బ్లూ’లో స్టేలీకి వీడ్కోలు చెప్పే చివరి పాటకు ఎల్టన్ జాన్ పియానో వాయించాడు. ఆ రికార్డు విన్నాక కాంట్రెల్ వరుస ఈ బ్యాండుకు మొదటి నుంచీ ఎంత ఆసరాగా ఉందో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే పక్క గొంతు మారినా ఆ ఎడం మారలేదు. నీకు నచ్చకపోతే నచ్చలేదని రాయి, విని రాయి.

పాటల సాహిత్యాన్ని తెలుగులోకి దించే ప్రయత్నం మానుకో, అక్కడ నీ వ్యాసం చప్పబడింది. అన్ని పాటలూ పేర్కొనాలన్న ఆరాటం కూడా వద్దు. మూడో నాలుగో ఎంచుకుని వాటి లోపలికంటా వెళ్ళు. కొత్త ప్రతి తయారయ్యాక నాకు పంపే ముందు, బ్యాండు పేరు రాసిన తీరు ఒకసారి సరిచూడు: ఒక పేజీలో ‘ఆలిస్’, మరో పేజీలో ‘అలైస్’, ఇంకోచోట ‘ఎలిస్’ అని ఉంది. ‘ఆలిస్ ఇన్ చెయిన్స్’ అని అంతటా ఒకే రూపం ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న