భూటాన్‌కు పద్నాలుగు మందా? ముందు బుమ్తాంగ్ కొట్టేయించండి

విజయవాడ నుంచి 14 మంది, 70 ఏళ్ల అత్తగారు, 5, 8, 10 ఏళ్ల పిల్లలు ముగ్గురు, దసరా సెలవుల్లో భూటాన్. ఏజెంటు ఆరు రాత్రుల్లో పారో, తింఫు, పునాఖా, ఫోబ్జిఖా, బుమ్తాంగ్ అన్నీ తిప్పేస్తానన్నాడు, అడ్వాన్సు కట్టేయొచ్చా అని అడిగారు. కట్టొద్దమ్మా. ముందు ఆ కాగితంలోంచి బుమ్తాంగ్ కొట్టేయించండి. తర్వాత ఫోబ్జిఖా కూడా. మిగిలిన మూడు ఊళ్లకే ఆరు రాత్రులు సరిపోతాయి.

మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. రెండేళ్ల కిందట దసరాకి యార్డు స్నేహితులం, ఇళ్లవాళ్లు కలిపి 16 మందిమి వెళ్లొచ్చాం. అప్పుడు పెద్దరికం నా నెత్తిన పడింది. మీ ఏజెంటు ఇచ్చినలాంటి కాగితాన్నే మురిసిపోయి నేనూ ఒప్పుకున్నా. ఎన్ని ఊళ్లుంటే అంత గిట్టుబాటు అనుకున్నాను, వ్యాపారబుద్ధి కదా.

భూటాన్ మొత్తం మన కేరళ అంత ఉంటుంది. మనం మోసపోయేది అక్కడే. బెజవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు, పొద్దున టిఫిను తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరతాం. ఆ లెక్క అక్కడ చెల్లదు. సరిహద్దులో ఫుంట్షోలింగ్ నుంచి రాజధాని తింఫుకి 150 కిలోమీటర్ల పైచిలుకు. టీలు, వాంతులు కలుపుకుని మాకు ఆరు గంటలు పట్టింది. తింఫు నుంచి పునాఖా 75 కిలోమీటర్లు అటూఇటూగా, అయినా మూడు గంటలు. దారి పొడుగునా మలుపు తర్వాత మలుపు. బుమ్తాంగ్ అంటే పోవడానికి ఒక పగలంతా, రావడానికి ఇంకో పగలంతా బండిలోనే. ఫోబ్జిఖా లోయకు జనం పోయేదే నల్లమెడ కొంగల కోసం. అవి టిబెట్ వైపు నుంచి దిగేది అక్టోబరు చివర్లో, నవంబర్లో. దసరాకి వెళితే లోయ ఉంటుంది, కొంగలుండవు.

మా ప్రయాణంలో మూడో రోజు సాయంత్రం మా ఆవిడ బస్సు దిగనంది. హోటల్ ముందు బండి ఆగింది, అందరూ దిగారు, ఆమె సీట్లోనే కూర్చుంది. "రేపు కూడా బండెక్కాలంటే నేనిప్పుడు దిగడం ఎందుకు, ఇందులోనే పడుకుంటా" అంది. నవ్వులాటకి అన్లేదు. మా గైడు ఆ రాత్రే నన్ను పక్కకి పిలిచి, సార్, రెండు ఊళ్లు వదిలేద్దాం, పునాఖాలో ఇంకో రాత్రి ఉండండి అన్నాడు. ఏజెంటుకి ఫోన్ చేస్తే కట్టిన డబ్బు వెనక్కి రాదన్నాడు. పోతే పోయిందన్నాం. మర్నాడు పునాఖా జోంగ్ దగ్గర నది ఒడ్డున సగం రోజు ఊరికే కూర్చున్నాం. 1637లో కట్టడం మొదలుపెట్టిన కోట అది, ఫో ఛూ, మో ఛూ అని రెండు నదులు కలిసే చోట ఉంటుంది. వాళ్ల భాషలో ఫో అంటే మగ, మో అంటే ఆడ. ఒకటి గలగలా వస్తుంది, ఇంకోటి నెమ్మదిగా. ఏది ఏదో మీరే ఊహించుకోండి, మా ఆడవాళ్లు దాని మీద గంటసేపు నవ్వుకున్నారు.

ఇప్పుడు కాగితాల సంగతి. మనకి వీసా అక్కర్లేదు, పర్మిట్ చాలు. కానీ దానికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ పనికిరాదు. పిల్లలకి పాస్‌పోర్టు లేకపోతే పుట్టిన సర్టిఫికెట్ అసలుది పట్టుకెళ్లండి. ఈ ముక్క నేను వాట్సాప్ గ్రూపులో నాలుగుసార్లు పెట్టాను. అయినా మా వియ్యంకుడుగారు ఆధార్ ఒక్కటే జేబులో పెట్టుకుని రైలెక్కారు. తెలిసింది ఎప్పుడంటే, ఒడిశా దాటాక. గుంటూరులో పక్కింటివాళ్లు బీరువా తీసి పాస్‌పోర్టు వెతికి, హైదరాబాద్ బస్సులో పంపారు. అక్కడ నుంచి వియ్యంకుడుగారి అల్లుడు విమానంలో సిలిగురి దగ్గర బాగ్డోగ్రా వచ్చి, చేతిలో పెట్టి, మధ్యాహ్నం ఫ్లైటుకి తిరిగిపోయాడు. వియ్యంకుడు కాబట్టి ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేకపోయాం. మీరు బయల్దేరే ముందురోజు అందరి కార్డులూ మీ ఇంట్లో టేబుల్ మీద పెట్టించి, కళ్లారా చూసి, మీ సంచిలోనే వేసుకోండి. పేరులో, ఇంటిపేరులో తేడాలుంటే అదీ అప్పుడే బయటపడుతుంది.

డబ్బు విషయానికొస్తే, 2022 సెప్టెంబరులో కోవిడ్ తర్వాత మళ్లీ తలుపులు తీసినప్పటి నుంచి మన దేశస్థుల మీద రాత్రికి మనిషికి 1,200 రూపాయలు ఎస్‌డీఎఫ్ అని, అంటే సుస్థిర అభివృద్ధి రుసుము అని వసూలు చేస్తున్నారు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి సగం, ఆరేళ్ల లోపు వాళ్లకి లేదు. మీ లెక్క నేనే వేశాను: పెద్దలు 11 మందికి ఆరు రాత్రులకు 79,200, ఇద్దరు పిల్లలకి 7,200, మొత్తం 86,400 రూపాయలు. ఇది హోటల్, బండి, తిండికి పైన. ఏజెంటు చెప్పిన రేటులో ఇది కలిసిందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. మాకు కలవలేదు. మొత్తం రేటు కింద చుక్క పెట్టి చీమ తలకాయంత అక్షరాల్లో రాశాడు. రెండో ప్రశ్న, జోంగ్‌లు, మఠాల టికెట్లు ఎవరివి? మూడోది టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను. విదేశీ టూర్ ప్యాకేజీ మన దేశంలో ఏజెంటు దగ్గర కొంటే పన్ను పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది. కాకపోతే ఎవరి పాన్ మీద పడిందో వాళ్లకే వస్తుంది. పద్నాలుగు మంది డబ్బూ ఒక్కరి పేరున కడితే తర్వాత అన్నదమ్ముల మధ్య లెక్కలు తేలవు. బడ్జెట్‌లో శాతాలు మారుతుంటాయి, మీ ఆడిటర్నే అడగండి.

మన రూపాయి అక్కడ చెల్లుతుంది, వాళ్ల ఎన్‌గుల్ట్రమ్ దానికి సమానం. వందకి పైబడిన నోట్లు మనిషికి 25,000 వరకే తీసుకెళ్లాలని రూలు. ఆడవాళ్ల పర్సుల్లోకి పంచేయండి. యూపీఐ 2021 నుంచి ఉంది గానీ చిన్న కొట్లలో దాన్ని నమ్ముకోవద్దు. తిరిగొచ్చేముందు వాళ్ల నోట్లు ఖర్చుపెట్టేయండి, బెజవాడలో ఎవరూ తీసుకోరు.

వెళ్లేదారి రెండు రకాలు. డిబ్రూగఢ్ వైపు పోయే రైళ్లు విజయవాడలో ఆగుతాయి, న్యూ జల్పాయ్‌గురిలో దిగి, నాలుగైదు గంటలు బండిలో పోతే జైగావ్. రాత్రి జైగావ్‌లోనే పడుకుంటే అది మన గడ్డ, ఎస్‌డీఎఫ్ లేదు. పొద్దున గేటు దాటితే భూటాన్. గేటుకి ఇవతల హారన్ల మోత, అవతల నిశ్శబ్దం, మా వాళ్లకి చెవులు మూసుకుపోయాయేమో అనిపించింది. రెండోది, కోల్‌కతా నుంచి పారోకి విమానం. అత్తగారి కోసం నేనైతే ఒకవైపన్నా విమానమే చేయిస్తా. కానీ పారోలో కొండల సందులోంచి కంటిచూపుతో దింపాలి, పగటిపూటే దిగుతారు, మబ్బు పడితే ఆలస్యం. కాబట్టి అదే రోజు కోల్‌కతా నుంచి గన్నవరం వచ్చే టికెట్టు తీసుకోవద్దు, ఒక రాత్రి మధ్యలో ఉంచండి.

గైడు ఎలాంటివాడో అడ్వాన్సుకి ముందే తేల్చుకోండి. పేరు, లైసెన్సు అడగండి, వీలైతే ఫోన్లో ఒక పది నిమిషాలు మాట్లాడండి. అక్కడి గైడ్లకి ఇంగ్లీషు, హిందీ బాగా వస్తాయి, తెలుగు రాదు. మా పెద్దవాళ్లకి ఆ రెండూ రావు. తెలుగులో చెప్పే పని మీ వాళ్లలో ఒకరికి ముందే అప్పగించండి, లేకపోతే పెద్దవాళ్లు ప్రతి మఠం బయటా చెప్పుల దగ్గర కాపలా ఉంటారు. మా గైడుకి గుంటూరు అంటే తెలీలేదు. మిర్చి అన్నా తెలీలేదు. అమరావతి పక్కనే అన్నాను, అంతే, రెండు చేతులూ జోడించాడు. బుద్ధుడు కాలచక్ర తంత్రం ముందుగా బోధించింది ధాన్యకటకంలోనేనని, అంటే మన అమరావతిలోనేనని వాళ్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర చేసినప్పుడు వాళ్ల అమ్మమ్మ కూడా వచ్చిందట. మేం అక్కడికి ఎన్నిసార్లు పోయాం, ఎక్కువగా అమరేశ్వరుడి దర్శనం చేసుకుని వచ్చేశాం. సిగ్గేసింది. అప్పట్నించి అతను మమ్మల్ని చూసుకున్న తీరే మారిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం వాడు కటువు. ఎనిమిదంటే ఎనిమిదే. వాళ్ల గడియారం మనకంటే అరగంట ముందుంటుంది, పైగా మనవాళ్లు ఎనిమిదంటే తొమ్మిది. మొదటిరోజే బస్సు గుమ్మం దగ్గర గంటన్నర నిలబడ్డాడు పాపం. ఇంకోటి, ముందు సీటు గొడవ. కడుపులో తిప్పేవాళ్లు అందరూ ముందే కూర్చుంటామంటారు. చీట్లు వేసి రోజూ మార్చండి, అత్తగారిని మాత్రం చీట్ల నుంచి మినహాయించండి.

తిండి గురించి భయపడక్కర్లేదు, శాకాహారం బాగానే దొరుకుతుంది. కానీ కూరలో చీజ్ పడుతుంది, వద్దంటే ముందే చెప్పాలి. వంటవాణ్ణి వెంట తీసుకెళ్దామని మాలో ఒకాయన పట్టుబట్టాడు, కాశీయాత్ర లెక్కలో. వాడికీ పర్మిట్టు, వాడికీ రోజుకి 1,200, పైగా హోటల్ వాళ్లు వంటింట్లోకి రానివ్వం అన్నారు. కందిపొడి, గోంగూర పచ్చడి, నెయ్యి సీసా తీసుకెళ్లాం, వాళ్ల ఎర్రబియ్యం అన్నంలోకి దివ్యంగా ఉన్నాయి.

మిర్చి సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అక్టోబర్లో పారో లోయలో ఇళ్ల కప్పుల మీద ఎర్రగా కాయ ఆరబోసి ఉంటుంది, మన కల్లాల్లోలాగే. అందరూ కొండల ఫొటోలు తీసుకుంటుంటే మేం నలుగురం బండి ఆపించి, ఇంటావిణ్ణి అడిగి, కాయ తుంచి గింజ చూశాం, చేత్తో నలిపి తేమ చూశాం. అక్కడ మిర్చి కారం కాదు, కూరగాయ. ఎమా దత్షి అంటే మిరపకాయలూ చీజూ, అంతే కూర. మన వంకాయలాగా కాయలకి కాయలే వేస్తారు. ఇంకో వింత, కాయని వేడినీళ్లలో ముంచి తెల్లగా ఎండబెట్టి అమ్ముతారు. మా యార్డులో కాయ తెల్లబడితే తాలు అంటాం, టిక్కీ, అంటే బస్తా, విప్పగానే ధర పడిపోతుంది. అక్కడ దాన్ని కావాలని చేసి కొనుక్కుంటారు! 2016లో మన దేశపు మిర్చిలో పురుగుమందు అవశేషాలున్నాయని వాళ్లు దిగుమతి ఆపేశారు. ఆ మాట ఎత్తిన హోటల్ కుర్రాడి ముందు మేం నలుగురం తలలు దించుకుని ఎమా దత్షి తిన్నాం.

చివరికి తక్త్సాంగ్, టైగర్స్ నెస్ట్ అంటారే, అది. మీ ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోవాల్సింది దీని గురించి. 3,120 మీటర్ల ఎత్తున కొండచరియకి అతుక్కుని ఉంటుంది, 1692 నాటి మఠం. బౌద్ధ గురువు పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరొచ్చి అక్కడ గుహలో తపస్సు చేశాడంటారు. పులి అనగానే మా ఆడవాళ్లు, అయితే అమ్మవారి వాహనమే కదా అని ఎక్కడానికి సిద్ధమైపోయారు. నేను అలిపిరి మెట్లు మూడుసార్లు ఎక్కినవాణ్ణి, ఇదెంత అనుకున్నా. అక్కడ గాలి పల్చన, పది అడుగులకోసారి నిలబడాల్సొచ్చింది. సగం దాకా, కాఫీ హోటల్ వరకూ గుర్రాలున్నాయి. దిగేటప్పుడు గుర్రం ఎక్కనివ్వరు, నడవాల్సిందే, మోకాళ్లకి అసలు పరీక్ష అదే. పదహారు మందిలో మఠం లోపలికి వెళ్లింది ఏడుగురం. ఎవరు ఎక్కుతారు, ఎవరు సగంలో ఆగుతారు, ఎవరు అసలు రారు, కింద ఉన్నవాళ్లతో ఎవరుంటారు, వాళ్లకి ఆ రోజు ఇంకో బండి ఉంటుందా, ఇవన్నీ బెజవాడలోనే రాసుకోండి. కొండ కింద నిలబడి తేల్చుకుంటే మొహమాటానికి ఎవరో ఒకరు ఎక్కి, మధ్యలో కూలబడతారు. ఆ ఎక్కుడు ఆఖరి రోజులకే పెట్టించండి, అప్పటికి ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటు పడుతుంది. మీ ఏజెంటు రెండో రోజున పెట్టాడు, అది మార్పించండి.

జోంగ్‌లలోకి పూర్తి చేతుల చొక్కా వేసుకుని, తలమీద టోపీ లేకుండా వెళ్లాలి. పిల్లల నిక్కర్లు హోటల్లోనే వదిలేయండి. కొన్ని ఏళ్లు దసరా రోజుల్లోనే తింఫు త్సేచు పండగ పడుతుంటుంది, ముసుగు నాట్యాలు చూడొచ్చు గానీ ఆ వారం గదులు దొరకవు. తేదీలు ఏజెంటుని అడిగి ఇప్పుడే పట్టుకోండి.

కొత్త కొటేషన్ వచ్చాక ఇక్కడే పెట్టండమ్మా, చూసి చెప్తా. శని, ఆదివారాలు యార్డుకి సెలవు, ఆ రెండు రోజుల్లో అయితే తీరిగ్గా చదువుతాను.