యూరైల్ పాస్ కొన్నాక సీట్ల సంగతి

చి. సుధకి,

పెదనాన్న ఆశీస్సులు. మీ నలుగురూ వచ్చే వేసవిలో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ, వియన్నా చుట్టి రావాలనుకుంటున్నారని నాన్న ఫోన్‌లో చెప్పాడు. యూరప్ దేశాల్లో రైళ్లకి పనికొచ్చే యూరైల్ పాస్ ఒక్కటి కొనేస్తే ఇక రైళ్ల బెంగ లేదన్నావట. అక్కడే కాస్త ఆగు తల్లీ.

మన రిజర్వేషన్ టికెట్ మీద బోగీ, బెర్తు నంబరూ ఉంటాయి. అక్కడ పాస్ అంటే రైలెక్కే హక్కు, అంతే. ఫ్రాన్స్ టీజీవీలు, ఇటలీ ఫ్రెచ్చారోస్సాలు, స్పెయిన్ ఏవీఈలు లాంటి హైస్పీడ్ రైళ్లు, లండన్ వెళ్లే యూరోస్టార్, రాత్రి రైళ్లు... వీటికి సీటు డబ్బు విడిగా కట్టాల్సిందే. అది లేకుండా ఎక్కితే పాస్ చేతిలో ఉన్నా ఊరుకోరు. జర్మనీ, ఆస్ట్రియా లోపల తిరిగే మామూలు రైళ్లకీ, స్విట్జర్లాండ్‌లో చాలావాటికీ ఈ గొడవ లేదు. సీటు పైన చిన్న తెర మీద ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరి దాకా రిజర్వు అయిందని కనిపిస్తుంది. పేర్లేవీ లేకపోతే కూర్చోవడమే. సరిహద్దు దాటే రైళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. జ్యూరిక్–మిలాన్ యూరోసిటీ స్విస్‌లో బయల్దేరినా సీటు తప్పనిసరి.

కాబట్టి తేదీలు రాసుకున్నాక ఊళ్ల వరసలో బుక్ చేసుకుంటూ పోకు. దొరకడం కష్టమైనవి ముందు చూడు. మీకు అలాంటివి రెండే: పారిస్ నుంచి జ్యూరిక్ వెళ్లే టీజీవీ లిరియా, ఇటలీ నుంచి వియన్నాకి నైట్‌జెట్ అనే రాత్రి రైలు. లిరియాలో పాస్ వాళ్లకి ఇచ్చే సీట్లు కొన్నే. రైల్లో ఖాళీలున్నా పాస్ కోటా అయిపోయిందంటారు. కోటాల సంగతి మనకేం కొత్త కాదుగా! ఆ రోజుకి దొరక్కపోతే ప్రయాణం మానుకోనక్కర్లేదు. పారిస్ నుంచి స్ట్రాస్‌బర్గ్ దాకా మామూలు టీజీవీకి చూడు. అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి టీఈఆర్ అనే లోకల్ రైలు గంటన్నర లోపే, దానికి సీటు బుకింగే ఉండదు. బాసెల్ నుంచి జ్యూరిక్‌కి మామూలు స్విస్ రైలే.

నైట్‌జెట్‌లో నలుగురికీ ఒకే కంపార్ట్‌మెంట్‌లో పడకలు కావాలంటే అమ్మకం తెరిచిన రోజుల్లోనే చూసుకోవాలి. దానివల్ల లాభమూ ఉంది. అర్ధరాత్రి లోపు ఎక్కితే ఆ తేదీ ఒక్కటే పాస్‌లో ఖర్చవుతుంది. తెల్లారి వియన్నాలో దిగాక మళ్లీ ఇంకో రైలెక్కితేనే రెండో రోజు పోతుంది.

పిల్లల సంగతి. నాలుగు నుంచి పదకొండేళ్ల వాళ్లకి పాస్ ఉచితం, ఒక్కో పెద్దకి ఇద్దరు పిల్లల దాకా. కాని పాస్ కొనేటప్పుడే వాళ్ల పేర్లూ చేర్చాలి. సీటు తప్పనిసరి అయిన రైళ్లలో వాళ్లకీ సీటు డబ్బు కట్టాలి. ఆ లెక్క వేయకుండా బడ్జెట్ వేసుకుంటే తర్వాత మీ ఆయన నిన్నే అంటాడు.

ఇక నాకు ఇష్టమైన చోటుకి వస్తాను. స్విస్ నుంచి ఇటలీకి దిగేటప్పుడు అందరూ బెర్నినా ఎక్స్‌ప్రెస్ అంటారు. పెద్ద అద్దాల బోగీలు, సీటు రుసుము విడిగా. అదే పట్టాల మీద సెయింట్ మోరిట్జ్ నుంచి తిరానోకి మామూలు లోకల్ రైళ్లూ నడుస్తాయి. పాస్ చాలు, సీటు అక్కర్లేదు. వాటిలో చాలా బోగీలకి కిటికీ కిందకి దించుకోవచ్చు, ఫొటోలో అద్దం మీద మన మొహం పడదు. 2,253 మీటర్ల ఎత్తున్న ఓస్పిజియో బెర్నినా స్టేషన్ దాటి, దిగువన బ్రూజియో దగ్గర రైలు రాతి వంతెన మీద గుండ్రంగా తిరిగి తన కిందుగానే బయటికొస్తుంది. పిల్లల్ని ఆ వేళకి నిద్రపోనివ్వకు. తిరానో నుంచి మిలాన్‌కి లోకల్ రైలు, కోమో సరస్సు పక్కనే, రెండున్నర గంటలు. దానికీ బుకింగ్ లేదు. జ్యూరిక్–మిలాన్ సీటు డబ్బు కూడా మిగిలినట్టే.

పాస్ రోజులు 4, 5, 7, 10, 15 అని ఉంటాయి. దూరం ప్రయాణాలే లెక్కేసి కొను. ఫ్లోరెన్స్ నుంచి పీసా లాంటి చిన్నవాటికి స్టేషన్లో టికెట్ తీసుకుంటే సరి, పాస్ రోజు తగలేయకు. రైలెక్కే ముందే యూరైల్ వాళ్ల రైల్ ప్లానర్ యాప్‌లో ఆ రైలుని పాస్‌కి కలపాలి, లేకపోతే టికెట్ లేనట్టే లెక్క. మూడు రోజులకోసారైనా ఫోన్‌కి నెట్ తగలాలి. సీటు బుకింగ్ వేరే క్యూఆర్ కోడ్‌తో వస్తుంది, రెండూ చూపించాలి.

మీరు తిరిగే ఈ దేశాలన్నిటికీ కలిపి ఒకటే అయిన షెంగెన్ వీసా రాకముందే పాస్ కొన్నా, యాక్టివేట్ చేయకపోతే కొంత కోసుకుని డబ్బు వెనక్కిస్తారు. సీటు డబ్బు చాలావరకు తిరిగి రాదు. అందుకని వీసా అపాయింట్‌మెంట్ ఎంత తొందరగా దొరికితే అంత మంచిది.

లండన్ కూడా చూద్దామని అల్లుడుగారు అంటున్నారని విన్నాను. దానికి షెంగెన్ వీసా చెల్లదు, బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి. యూరోస్టార్‌లో పాస్ సీట్లు తక్కువ, రుసుమూ ఎక్కువే. పాస్‌పోర్టు తనిఖీలు పారిస్ స్టేషన్లోనే అవుతాయి కాబట్టి ముందుగా చేరుకోవాలి. లండన్ ఉందో లేదో ఈ ఆదివారం లోపు ఇద్దరూ తేల్చుకుని చెప్పు. దాన్నిబట్టే పాస్ పది రోజులదా, ఏడు రోజులదా అన్నది చూద్దాం.

మీ పెదనాన్న