ల్యాప్ స్టీల్‌కి కొత్త పికప్: ఏది కొనాలి, అసలు కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆరు తీగల ల్యాప్ స్టీల్ (ఒళ్లో పెట్టుకుని, తీగల మీద బార్ జరుపుతూ వాయించే గిటార్), దాంతోపాటు వచ్చిన సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే, ఒకే వైరు చుట్ట ఉన్న అయస్కాంత భాగం) బాగా హమ్ చేస్తోంది, టోన్ కీచుగా ఉంది, మారుద్దామంటే ఏది కొనాలో తెలియడం లేదు, హంబకర్ (రెండు కాయిల్స్‌తో హమ్‌ని రద్దు చేసే పికప్) వేస్తే స్టీల్ గిటార్‌కి ఉండే ఆ తీయదనం పోతుందేమోనని టెన్షన్.

పోదండి. నా ఆరు తీగల దానికి స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) పికప్ సైజులో దొరికే బ్లేడ్ హంబకర్ (విడి కడ్డీలకి బదులు పొడవాటి పలక ఉండేది) వేసుకున్నాను, ఇప్పటికీ అదే ఉంది. అయితే డబ్బు పెట్టే ముందు హమ్ ఎక్కణ్ణించి వస్తోందో తేల్చుకోండి. సగం కేసుల్లో తప్పు పికప్‌ది కాదు.

ఆంప్ ఆన్ చేసి, వాల్యూమ్ పెంచి, తీగల మీద చెయ్యి వేయండి. వేయగానే చప్పుడు బాగా తగ్గితే లోపం షీల్డింగ్‌ది, అంటే బయటి చప్పుడుని అడ్డుకునే లోహపు తొడుగుది. స్టీల్ బార్ లోహమే కాబట్టి, వాయిస్తున్నంతసేపూ దాని ద్వారానే మన ఒంటికి గ్రౌండ్ అందుతుంది. అందుకే పాట నడుస్తున్నప్పుడు బాగానే ఉండి, బార్ ఎత్తగానే బర్రుమంటుంది. (గాజు బార్ వాడేవాళ్లకి ఈ సౌకర్యం లేదు.) లోపలి గుంతకి రాగి రేకు టేపు అతికించి, దాన్ని గ్రౌండ్‌కి కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. చెయ్యి వేస్తే తగ్గకపోగా ఇంకా పెరుగుతోందంటే బ్రిడ్జ్‌కి (పికప్ వైపు తీగలు ఆనే భాగం) వెళ్లే గ్రౌండ్ వైరు ఊడిపోయిందేమో చూడండి.

చెయ్యి వేసినా పోకుండా, కుర్చీతో సహా మీరు అటూ ఇటూ తిరిగితే పెరుగుతూ తగ్గుతూ ఉంటే మాత్రం అది సింగిల్ కాయిల్ సహజ గుణం. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్, ఇంటి వైరింగ్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆ కాయిల్ పట్టేస్తుంది. దానికి రాగి రేకు పనిచేయదు, హంబకరే మందు. మన ఇళ్లలో ఇంకో గొడవ ఉంది. గుండ్రంగా తిప్పే పాత ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. మా ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారగానే పాత పికప్ తేనెటీగల తుట్టెలా మోగేది. మీ పరీక్షలన్నీ ఫ్యాన్ కట్టేసి చేయండి, లేకపోతే ఏది ఎందుకు మోగుతోందో తేలదు.

ఇక కీచుదనం. మామూలు గిటార్‌కి వేసే 9 లేదా 10 గేజ్ (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సెట్ బిగించి ఉంటే ఏ పికప్ పెట్టినా సన్నగానే ఉంటుంది. సీ6 ట్యూనింగ్‌కి (తీగలన్నీ కలిపి మీటితే సీ6 కార్డ్ పలికే శ్రుతి) అమ్మే ల్యాప్ స్టీల్ సెట్లలో అన్నిటికన్నా సన్నదైన 'ఈ' (E) తీగే 14, 15 గేజ్ ఉంటుంది. ముందు అది మార్చండి. తర్వాత వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే రెసిస్టర్) విలువ చూడండి. సింగిల్ కాయిల్‌కి 500 కే (కిలో ఓమ్‌ల) పాట్ ఉంటే పై స్వరాలు గుచ్చుకుంటాయి, 250 కే పెడితే మెత్తబడతాయి. వీటికయ్యే ఖర్చు పికప్ ధరలో చిన్న వంతు.

ఇవన్నీ అయ్యాక కూడా పికప్ మార్చాలనిపిస్తే, అప్పుడు చూడాల్సింది బ్రాండ్ కాదు, పోల్‌పీసులు. స్ట్రాట్ తరహా పాత నమూనా పికప్‌లలో అయస్కాంతపు కడ్డీలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. వంపు ఉన్న ఫ్రెట్‌బోర్డుకీ, మూడో తీగ మీద సన్న వైరు చుట్టి ఉండే రోజులకీ అవి సరిపోయాయి. ల్యాప్ స్టీల్ మీద బార్ ఆనాలంటే తీగలన్నీ ఒకే మట్టంలో ఉండాలి, కాబట్టి ఆ ఎత్తుపల్లాలు ఇక్కడ చెరుపే చేస్తాయి. నా పాత పికప్‌లో మూడో కడ్డీ బాగా పైకి ఉండేది. నా ట్యూనింగ్ కింది నుంచి సీ ఈ జీ ఏ సీ ఈ, అంటే సన్న తీగ నుంచి లెక్కిస్తే మూడో తీగ 'ఏ' (A) స్వరం. అది ఒక్కటే గట్టిగా అరిచేసరికి, నేను మీటింది సీ6 కార్డ్ అయినా చెవికి ఏ మైనర్‌లా తగిలేది. ఆంప్ మీద ఏ నాబ్ తిప్పినా ఇది పోదు. కడ్డీని సుత్తితో కిందికి దించేద్దామనుకోకండి. చాలా పాత తరహా పికప్‌లలో వైరు నేరుగా ఆ కడ్డీల మీదే చుట్టి ఉంటుంది, తెగిపోతుంది.

బ్లేడ్ పికప్‌లో ఈ పేచీ లేదు. ఒకే పలక కాబట్టి తీగల మధ్య దూరం ఎంతున్నా పరవాలేదు. మామూలు గిటార్ పికప్ తెస్తే మాత్రం ముందు బ్రిడ్జ్ దగ్గర మొదటి తీగ నుంచి ఆరో తీగ వరకు స్కేలు పెట్టి కొలుచుకోండి. ఫెండర్ తరహా పికప్‌లు దాదాపు 52 మిల్లీమీటర్లకి, గిబ్సన్ తరహావి 50కి అటూ ఇటూగా ఉంటాయి. గుంత పొడవు, వెడల్పు, లోతు కూడా రాసుకోండి. లోతు మర్చిపోతే ఉలి పట్టాల్సి వస్తుంది. ఎనిమిది తీగల వాయిద్యమైతే ఎంపిక తక్కువ, బ్లేడ్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి.

పికప్ కాయిల్ నిరోధం చెప్పే కిలో ఓమ్‌ల లెక్క చూసి మాత్రం కొనకండి. సన్న వైరు చుట్టినా ఆ అంకె పెరుగుతుంది, అది బలానికి నేరు కొలత కాదు. పోనీ ఒకే కంపెనీ, ఒకే తరహా మోడళ్ల మధ్య పోల్చడానికైతే పనికొస్తుంది. సేమర్ డంకన్ హాట్ రెయిల్స్‌లో బ్రిడ్జ్‌కి చేసినది 16 కిలో ఓమ్‌ల పైమాటే. రాక్‌కి బాగుంటుంది గానీ, స్టీల్ మీద నాలుగు తీగల కార్డ్ మీటితే ముద్దగా వినిపిస్తుంది. సునీల్ గంగూలీ ఎలక్ట్రిక్ హవాయియన్ గిటార్ మీద వాయించిన సినిమా పాటల రికార్డులు విని ఇటువైపు వచ్చినవాళ్లయితే మీకు కావాల్సింది గట్టి పికప్ కాదు, మధ్యరకం. బ్లేడ్ మోడళ్లలో నెక్‌కి (గిటార్ మెడ వైపు పెట్టడానికి) చేసినది తీసుకుని బ్రిడ్జ్ దగ్గర పెట్టుకోవచ్చు. జారుడు స్వరం మొదట ఎగిసి తర్వాత మెల్లగా సన్నగిల్లడం అప్పుడే స్పష్టంగా వినబడుతుంది.

హమ్ భరించగలిగితే మాత్రం నా ఓటు టెలికాస్టర్ బ్రిడ్జ్ తరహా పికప్‌కే. 1950లో ఫెండర్ ఆ గిటార్ తెచ్చినప్పుడు అందులోని బ్రిడ్జ్ పికప్ వాళ్ల చాంపియన్ ల్యాప్ స్టీల్ పికప్ నుంచి పుట్టిందే, అంటే పుట్టింటికి తీసుకొచ్చినట్టే. కడ్డీలు సమంగా ఉన్నది చూసి కొనండి.

మీది నిజంగా పాత వాయిద్యమైతే మార్చకండి, రీవైండ్ చేయించండి (అదే పికప్‌కి వైరు కొత్తగా చుట్టించండి). 1932లో అమ్మకానికొచ్చిన రికెన్‌బాకర్ ఫ్రైయింగ్ పాన్ తరహా హార్స్‌షూ పికప్‌లో అయస్కాంతం తీగల పై నుంచి చుట్టి వస్తుంది, ఆ చోట్లో మామూలు పికప్ కుదరదు. పాత సూప్రో బ్రాండ్ ల్యాప్ స్టీళ్లలోని పికప్ కోసమైతే గిటార్ వాళ్లే వెతుక్కుంటారు. స్లైడ్ గిటార్‌కి పేరుపడ్డ రై కూడర్ తన స్ట్రాట్ బ్రిడ్జ్ దగ్గర పెట్టుకున్నది ఆ కుటుంబానిదే.

బిగించేటప్పుడు రెండు మాటలు. నాలుగు వైర్ల హంబకర్‌లో రంగులు కంపెనీని బట్టి మారతాయి. డంకన్‌లో నలుపు సిగ్నల్, ఎరుపు తెలుపు కలిపి కట్టేయాలి. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్, నలుపు తెలుపు కలపాలి. రెండింట్లోనూ ఆకుపచ్చ, ఉత్త రాగి వైరు గ్రౌండ్‌కి. ఎత్తు సరిచేసేటప్పుడు బార్‌ని మీరు వాయించే చివరి ఫ్రెట్ గీత మీద పెట్టి, తీగకీ పికప్‌కీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉంచి మొదలుపెట్టండి. తీగలు బిగించక ముందే ఆంప్‌కి కలిపి, స్క్రూడ్రైవర్ కొసతో పికప్ మీద మెల్లగా తట్టండి. టక్కుమని వినబడితే మూత బిగించేయొచ్చు.