సొంత చేలో ఉన్నది శ్మశానమా?

సందేహం: మేం వీరశైవులం. మా పూర్వికుల సమాధులు ఊరికి దూరంగా, మా చేలోనే ఒక మూల తుమ్మచెట్ల మధ్య ఉన్నాయి. ఇరవై రాళ్ల దాకా ఉంటాయి. రాతలు చెరిగిపోకముందే ఫొటోలు తీసి, వివరాలతో చిన్న పుస్తకం వేయాలనుకున్నాం. దానికి 'మా కుటుంబ స్మశానం' అని పేరు పెడితే పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. ఏ మాట వాడాలి? రాళ్ల మీది 'లింగైక్యమైరి' అన్నదాన్ని 'మరణించారు' అని మార్చవచ్చా?

సమాధానం: 'పూర్వికులు' అని హ్రస్వంతో రాశారు, సంతోషం. చాలామంది దీర్ఘం పెడతారు. 'స్మశానం' దగ్గరికి వచ్చేసరికి ఆ సంతోషం సగమైంది. అది శ్మశానం. 'శ్మ' అంటే శరీరమనీ, అది శయనించే చోటు శ్మశానమనీ యాస్కుడు వేదపదాల వ్యుత్పత్తి చెప్పే నిరుక్తంలో చెప్పాడు. స్మరణకూ స్మృతికీ అలవాటుపడిన చెయ్యి ఇక్కడా 'స్మ' రాసేస్తుంది కాబోలు.

మీ పెద్దల అభ్యంతరం మాత్రం అక్షరం గురించి కాదు. శ్మశానం అనగానే మనకు తోచేది ఊరందరి స్థలం, కాలే చితి. రుద్రభూమి, వల్లకాడు అన్నా అంతే. 'కాడు' అంటే అడవి. ఊరికి అవతల అడవిలో దహనం చేసేవారు కనుక ఆ చోటికీ అదే పేరు వచ్చింది. నాడు 'నాటి', గూడు 'గూటి' అయినట్టే కాడు 'కాటి' అవుతుంది. కాటికాపరి, కాటికి కాళ్లు చాచడం అలా వచ్చినవే. తమిళులు కాల్చే చోటును చుడుకాడు, పాతిపెట్టే చోటును ఇడుకాడు అని వేరు చేసుకున్నారు. మన కాటికి ఆ తేడా లేదు.

తెలంగాణలో 'బొందలగడ్డ' ఉంది. బొంద అంటే శవాన్ని పాతే గొయ్యి కాబట్టి అర్థం చక్కగా కుదురుతుంది. కానీ 'నీ బొంద' అని విసుక్కునే మాటను తాతముత్తాతల పుస్తకం అట్ట మీద వేయమని నేను చెప్పలేను. 'గోరీ' పారసీ నుంచి వచ్చిన మాట, మీ ఇంటి వాడుక కాదు. అమరకోశం శ్మశానానికి 'పితృవనం' అనే పర్యాయపదం ఇచ్చింది. తుమ్మచెట్ల సంగతి చదివాక నాకూ ఆశ పుట్టింది గానీ, ఆ మాట మీ ఇంట్లో ఎవరి నోటా పలకదు.

మీ ఉత్తరంలోనే జవాబు ఉంది: సమాధులు. సమాధి మొదట యోగంలోని మాట, చిత్తం ఏకాగ్రమైన స్థితి. యోగిని ఉంచిన చోటికీ, క్రమంగా ఎవరిని పాతిపెట్టిన చోటికైనా అదే పేరైంది. వీరశైవులు కన్నుమూసినవారిని కూర్చోబెట్టి, చేతిలో ఇష్టలింగం (ఒంటి మీద ధరించే లింగం) ఉంచి ఖననం చేస్తారు కనుక మీ విషయంలో ఆ మాట పాత అర్థానికీ దగ్గరగానే ఉంది. 'మా చేలోని సమాధులు' అనండి. 'కుటుంబ' అక్కర్లేదు, 'మా'లోనే ఉంది.

ఇక 'లింగైక్యమైరి'. దాన్ని ముట్టుకోవద్దు. అది మరణానికి మర్యాద పేరు మాత్రమే కాదు, పోయినవారు లింగంలో ఐక్యమయ్యారన్న నమ్మకం. క్రైస్తవుల సమాధుల మీద 'ప్రభువునందు నిద్రించెను' అని ఉంటుంది. రెంటినీ 'మరణించారు' చేస్తే ఏ రాయి ఎవరిదో తెలియదు. పాత వర్ణక్రమం, బండి ఱ, చెక్కినవాడి తప్పులు కూడా ఉన్నవి ఉన్నట్టే ఎత్తిరాసి, మీ మాటల్లో వివరణ కింద ఇవ్వండి. అరిగిపోయిన అక్షరాన్ని ఊహించి పూరిస్తే దాన్ని కుండలీకరణాల్లో పెట్టండి.

తేదీల దగ్గర జాగ్రత్త. 'శు.' శుద్ధం, అంటే శుక్లపక్షం; 'బ.' బహుళం, అంటే కృష్ణపక్షం. సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 'ప్రమోదూత' అని మాత్రమే ఉంటే అది 1870 కావచ్చు, 1930 కావచ్చు. శక సంవత్సరం కూడా చెక్కి ఉంటే చిక్కు లేదు, దానికి 78 కలిపితే చాలు: 1792 అయితే మొదటిది, 1852 అయితే రెండోది. లేకపోతే ఆ సమాధిలో ఉన్నాయన కొడుకు రాయి ఎక్కడుందో వెతకండి, దాని తేదీని బట్టి తండ్రిది ఏ ఏడో తేలవచ్చు.