అతుకుల దగ్గర జాగ్రత్త

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నాలుగు వందల కిలోమీటర్ల కాలిబాటను ముగ్గురు స్నేహితులతో కలిసి విడతల వారీగా నడుస్తామని రాశావు. మంచి ఆలోచన. ఏకబిగిన నడిస్తేనే నడక అని ఎవరైనా అంటే పట్టించుకోకు. అమెరికాలో దాదాపు 3,500 కిలోమీటర్లున్న అప్పలాచియన్ ట్రైల్‌ని ఒక్క ఊపున నడిచినవాళ్లకూ, ఏళ్ల తరబడి ముక్కముక్కలుగా నడిచినవాళ్లకూ ఇచ్చే గుర్తింపు ఒకటే. కాకపోతే ముక్కల నడకకు దాని రోగాలు దానికున్నాయి. అది దారి మధ్యలో ఆగిపోవడం తక్కువ. విడతకీ విడతకీ మధ్య అతుకు ఉంటుంది చూడు, అక్కడ తెగుతుంది. అందుకని ఈ ఉత్తరంలో బూట్లూ సంచులూ కంటే అతుకుల సంగతే ఎక్కువ.

ముందు లెక్క వేసుకోండి. నాలుగు రోజులు సెలవు దొరికితే నాలుగు రోజులు నడుస్తామనుకుంటారు. నడవరు. మొదటి రోజు సగం అక్కడికి చేరడానికి, చివరి రోజు సగం ఇంటికి రావడానికి పోతుంది. మిగిలేది మూడు రోజుల నడక. రోజుకు 18 కిలోమీటర్ల చొప్పున విడతకు 54. నాలుగు వందలకు ఎనిమిది విడతలు. ఏడాదికి మూడు విడతలు కుదిరితే దాదాపు మూడేళ్లు. ఈ మూడేళ్ల మాట నలుగురూ ఒకచోట కూర్చుని ఇప్పుడే వినాలి. మూడేళ్లలో ఉద్యోగాలు మారతాయి, పిల్లలు పుడతారు, ఒకరి మోకాలు మొరాయిస్తుంది. ఆరు నెలల్లో అయిపోతుందనుకుని బయల్దేరినవాడు రెండో ఏడు ఫోన్ ఎత్తడు.

రోజు లెక్కకు ఓ పాత సూత్రం ఉంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పాడు: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. 18 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు ఉందనుకో, ఐదు గంటల ఆరు నిమిషాలు వస్తుంది. ఇది ఎక్కడా ఆగని చురుకైన మనిషి లెక్క. బరువు మోసే నలుగురికి గంటకు నాలుగు కిలోమీటర్లే వేసుకో. నాలుగున్నర గంటలూ ఒకటిన్నరా కలిసి ఆరు. గంటకోసారి పది నిమిషాలు, భోజనానికి నలభై నిమిషాలు కలిపితే ఏడున్నర. నిటారుగా దిగే చోట ప్రతి 300 మీటర్లకు మరో పది నిమిషాలు. దిగుడు ఊరికే వస్తుందని ఎవరూ అనుకోవద్దు. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే చేరేలా చూసుకుంటే, దారి తప్పినా, మడమ ఒరుసుకున్నా సర్దుకోవడానికి వెలుతురు ఉంటుంది.

విడత ఎక్కడ ఆపాలన్నది దూరాన్ని బట్టి కాదు, రవాణాను బట్టి తేల్చండి. మ్యాపు పరిచి, బస్సు, రైలు, కనీసం కారు వెళ్లే రోడ్డు బాటను తాకే ప్రతి చోటా సున్న చుట్టండి. విడతల మొదళ్లూ చివరలూ ఆ సున్నల మీదే పడాలి. ఎక్కడో ఒకచోట అరవై డెబ్భై కిలోమీటర్లు ఒక్క సున్న కూడా ఉండదు. దానికి పగటి పొద్దు ఎక్కువగా ఉండే కాలంలో ఐదు రోజుల సెలవు ఇప్పటినుంచే దాచుకోండి. దాన్ని మూడో విడతగానో నాలుగో విడతగానో పెట్టండి. మొదటే పెడితే ఒకరి నడక తీరు ఒకరికి తెలియదు. చివరికి పెడితే అందరికీ అదే గుబులు. చిట్టచివరి విడత మాత్రం తేలికది, చిన్నది మిగుల్చుకోండి, మధ్యలో మానేసినవాళ్లు కూడా వచ్చి కలిసేలా. ఒకవైపు నుంచి వరసగా నడిస్తే లెక్క తప్పదు, కానీ మంచు, వరద ఉన్న భాగాల్లో కాలానిదే పైచేయి. అక్కడ వరస మార్చడానికి మొహమాటపడొద్దు.

ఇక కార్ల గొడవ. నలుగురికి రెండు కార్లుంటే ఒకటి చివర వదిలి, రెండోదానిలో అందరూ మొదటికి వెళ్లడం మామూలు పద్ధతి. దీనిలో జరిగే పొరపాటు కూడా ఎప్పుడూ ఒకటే: చివర ఉన్న కారు తాళం మొదట్లో ఉన్న కారులోనే ఉండిపోతుంది. నాలుగు రోజులు నడిచొచ్చాక తెలుస్తుంది. నడక మొదలెట్టే ముందు తాళం చేత్తో పైకెత్తి అందరికీ చూపించాలి. నవ్వుకుంటారు, నవ్వుకోనీ. రెండు జట్లు ఎదురెదురుగా నడిచి మధ్యలో తాళాలు మార్చుకునే పద్ధతి కూడా ఉంది. కానీ అప్పుడు నలుగురూ కలిసి నడిచింది ఏముంది? దారి చీలేచోట ఒకరినొకరు దాటిపోయే ప్రమాదం కూడా ఉంది.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది ఇది: కారు చివర పెట్టి, పొద్దున్నే బస్సో రైలో ఎక్కి మొదటికి వెళ్లి, కారు వైపు నడిచి రండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, మొదట కారు పెట్టి చివర బస్సు పట్టుకుందామని. అప్పుడు సాయంత్రపు ఆఖరి బస్సు మెడ మీద కూర్చుంటుంది. అలసిన కాళ్లతో పరుగెడితే చీలమండ మెలిపడుతుంది. బస్సు పొద్దున తప్పితే పోయేది ఓ గంట. సాయంత్రం తప్పితే పోయేది ఓ రాత్రి.

విడత ఆపిన చోటుకు కచ్చితమైన గుర్తు ఉండాలి. తొమ్మిది నెలల తర్వాత "ఏదో గేటు దగ్గర ఆపాం" అంటే అలాంటి గేట్లు మూడుంటాయి. ఫోనులో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి, సూచిక స్తంభంతో కలిపి ఒక ఫొటో తీయండి, నలుగురి ఫోన్లలోనూ పెట్టుకోండి. తర్వాతి విడతను వందడుగులు వెనక నుంచి మొదలెట్టండి. బాట నుంచి రోడ్డు మీదికి దిగిన ముక్క కూడా తిరిగి ఎక్కాలి. ఖాళీలు మిగిలేది సరిగ్గా ఇక్కడే. మూడేళ్లలో బాట కూడా జరుగుతుంది. కొండచరియ విరిగి, వంతెన కొట్టుకుపోయి కొత్త మళ్లింపులు వస్తాయి. ప్రతి విడతకు ముందు తాజా మార్గం చూసుకోండి. నడిచేసిన భాగం తర్వాత మారితే మాత్రం మళ్లీ నడవక్కర్లేదు.

ఏది "పూర్తి" అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఎవరైనా ధ్రువపత్రం ఇచ్చే దారైతే వాళ్ల నియమం చూడండి. స్పెయిన్‌లో సాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి యాత్ర చేసేవాళ్లు విడతలుగా వచ్చినా, కాలినడకకు పత్రం కావాలంటే కనీసం వంద కిలోమీటర్లు నడిచి సాంతియాగో చేరే తీరాలి. మళ్లింపు దగ్గర వాహనం ఎక్కవచ్చా, ఒకరు రాలేకపోతే ఏం చేయాలి, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. రాలేని వాడి కోసం విడత వాయిదా వేయొద్దు. ఒకసారి వేస్తే రెండోసారి ఇంకొకడి కోసం వేస్తారు, ఆ తర్వాత నడక ఉండదు. ముగ్గురు కుదిరితే బయల్దేరడమే. తప్పిపోయినవాడి ముక్కలకు వేరే పట్టీ ఉంచి, ఏడాదికోసారి ఒకరు తోడు వెళ్లి ఆ బాకీ తీర్పించండి. నలుగురు మంచి సంఖ్య. ఒకడికి దెబ్బ తగిలితే ఒకడు దగ్గరుంటాడు, ఇద్దరు కలిసి సాయానికి వెళ్తారు.

నడక వేగంలో తేడా ఉంటే ఏమీ కాదు, దాన్ని నడిపే పద్ధతి లేకపోతేనే తగాదా. చురుకైనవాళ్లు ముందుకెళ్లి పది నిమిషాలు కూర్చుంటారు. నెమ్మదిగా వచ్చేవాడు రొప్పుతూ చేరగానే "పదండి" అని లేస్తారు. అందరికన్నా విశ్రాంతి కావలసినవాడికే విశ్రాంతి ఉండదు. మూడో రోజుకు వాడు మాట్లాడటం మానేస్తాడు. అందుకని ఒకటే కట్టుబాటు పెట్టుకోండి: ఆగే పది నిమిషాలు ఆఖరివాడు కూర్చున్నాకే మొదలవుతాయి. దారి చీలిన ప్రతిచోటా ముందున్నవాడు ఆగాలి, నలుగురూ కలిశాకే కదలాలి. నెమ్మదిగా నడిచేవాడిని రెండో స్థానంలో పెడితే జట్టు వేగం దానంతటదే కుదురుతుంది. ప్రథమ చికిత్స సంచి వెనక నడిచేవాడి దగ్గరే ఉండాలి, ఎందుకంటే పడినవాడి దగ్గరికి వెనకవాడే ముందు చేరతాడు. డబ్బు ఉమ్మడిగా వేసి, విడతకొకరు లెక్క రాయండి.

విడతల నడకలో ఒంటికి జరిగే అన్యాయం ఒకటుంది. ఏకబిగిన నడిచేవాడి కాళ్లు రెండు మూడు వారాల్లో గట్టిపడతాయి. మీరు ప్రతిసారీ మెత్తటి పాదాలతో మొదటికొస్తారు. అలవాటు తప్పిన కండరాల నొప్పి అదే రోజు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. మొదటి రోజు ఉత్సాహంలో ఎక్కువ నడిస్తే ఆ బాకీ రెండో రోజు, మూడో రోజు కట్టాలి. దానికి మందు ఇంటి దగ్గరే ఉంది. వారానికి ఒకసారి సంచి బరువుతో పది పన్నెండు కిలోమీటర్లు, బయల్దేరడానికి రెండు వారాల ముందు వరసగా రెండు రోజులు. మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా సాధన చేయండి. తొడలు వణికేది దిగేటప్పుడే.

పాదాల గురించి నాలుగు ముక్కలు. నడుస్తుంటే పాదం ఉబ్బుతుంది, కాబట్టి బూటు ముందు భాగంలో బొటనవేలంత ఖాళీ ఉండాలి. గోళ్లు బయల్దేరే ముందు రోజు కాకుండా మూడు నాలుగు రోజుల ముందే కత్తిరించుకోండి. నూలు మేజోళ్లు తడిని పట్టుకుంటాయి, ఉన్నివో సింథటిక్‌వో తొడగండి, మధ్యాహ్నం మార్చండి. ఎక్కడైనా చురుక్కుమంటే ఆ క్షణమే ఆగి టేపు వేయాలి. పొక్కు లేచేది అరగంటలో, మానేది వారంలో. అందరినీ ఆపాలంటే సిగ్గుపడి ఊరుకోవడం వల్లే విడతలు మధ్యలో ఆగుతాయి. ఈ మాట ఆ ముగ్గురికీ చదివి వినిపించు.

బస దొరికే దారిలో సంచి ఏడెనిమిది కిలోలు దాటకూడదు, గుడారం మోసే దారిలో మీ ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. స్టవ్వు ఒకటి, గిన్నె ఒకటి, మందుల సంచి ఒకటి చాలు నలుగురికీ. ఇంటి దగ్గర అన్నీ ఒకచోట పోసి పంచుకోకపోతే నాలుగు స్టవ్వులు వస్తాయి. నీళ్లు గంటకు అర లీటరు లెక్క, ఎండైతే ఇంకా. వాగు నీళ్లు తెర్లేలా కాచి, అలా ఒక నిమిషం ఉంచండి. 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు.

విడతల మధ్య సామాను దాచడంలో ఎక్కువమంది దెబ్బతింటారు. అటకెక్కించిన బూట్లు పైకి కొత్తవాటిలాగే ఉంటాయి. లోపల పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ నురగ అట్ట గాలిలోని తేమకు ఏళ్ల మీద కుళ్లి, నడక మొదటి రోజే అడుగు ఊడి చేతికొస్తుంది. ఏడాదికి పైగా వాడని బూట్లతో ముందు ఊళ్లో రెండుసార్లు నడిచి చూడాలి. గుడారం పొడిగా కనిపించినా ఇంటికి రాగానే పరిచి ఆరబెట్టండి. తడితో చుడితే బూజు పడుతుంది, లోపలి పూత జిగురవుతుంది. స్లీపింగ్ బ్యాగును నొక్కిపెట్టిన సంచిలో ఉంచితే దాని పొంగు చచ్చిపోతుంది, వదులు సంచిలో వేలాడదీయండి. తలదీపం బ్యాటరీలు తీసేయండి. నీటి వడపోత గొట్టం ఒకసారి తడిసిన తర్వాత గడ్డకడితే లోపలి సన్నటి నాళాలు పగులుతాయి. పైకి ఏమీ తెలియదు కానీ ఆ తర్వాత అది వడకట్టదు. చలిలో దాన్ని పక్కలో పెట్టుకుని పడుకోండి. సగం వాడిన గ్యాస్ డబ్బాను తూచి, బరువు దాని మీదే రాయండి. ఖాళీ డబ్బా బరువు తీసేస్తే మిగిలింది ఎంతో తెలుస్తుంది. విమానంలో మాత్రం దాన్ని ఎక్కించనివ్వరు.

కాగితపు మ్యాపు ఒకటి తప్పనిసరి, ఫోను మ్యాపులు ముందే దింపుకుని ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. దారి తప్పామనిపిస్తే అడ్డంగా కోసుకుపోవద్దు, చివరిసారి గుర్తు చూసిన చోటికి వెనక్కి రండి. వాగు దాటేటప్పుడు సంచి నడుంపట్టీ విప్పి ఉంచండి, పడితే సంచి ముంచకుండా. ఇంటి దగ్గర ఒకరికి మీ మార్గం, బస చేసే చోట్లు, "ఇన్ని గంటలకు ఫోన్ రాకపోతే సాయం అడుగు" అన్న సమయం రాసివ్వండి. ఈల అందరి మెడలోనూ ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదితే అది ఆపద పిలుపు. జవాబు నిమిషానికి మూడు ఊతలు.

ఇంకొకటి. తర్వాతి విడత తేదీ ఇంటికెళ్లాక ఫోన్లలో తేలదు. ఈ విడత ఆఖరి రాత్రి, కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడే క్యాలెండర్ తీసి నలుగురి చేతా ఒప్పించాలి. ఎవడో ఒకడు "ఇంటికెళ్లి చెప్తా" అంటాడు. వాడిని అక్కడే కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేయించు.

మీ అమ్మకు నేను అడిగానని చెప్పు. విడతల పట్టీ తయారయ్యాక నాకో నకలు పంపు, సున్నలు ఎక్కడ చుట్టారో చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య