అంబాసిడర్‌కు గట్టి క్లచ్ కొనే ముందు ఒకసారి బండి కిందికి దూరి చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే నా బండి జాతకం చదివినట్టే ఉంది. 1970 నాటి మార్క్ 2 అంబాసిడర్, అందులో 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, దానికి డీజిల్ బండి నుంచి తెచ్చిన ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం, క్లచ్ పట్టేది దీన్నే), ఎక్కడిదో తెలియని గేరుబాక్సు. భాకరాపేట ఘాట్‌లో మూడో గేరులో ఇంజన్ రొద పెరుగుతోందే తప్ప బండి వేగం పెరగడం లేదు, కాబట్టి మరింత బలమైన క్లచ్ సెట్ ఏది వేయించాలి అని అడిగారు. నాది చిత్తూరు. మూడుసార్లు గేరుబాక్సు దింపించి, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతులు చెబుతాను.

మీకు బలమైన క్లచ్ అవసరం లేదని నా అభిప్రాయం. ఈ ఇంజన్ కొత్తగా ఉన్న రోజుల్లోనే 50 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఇచ్చేది. అతుకుల బొంతలా తయారైన మన ఇంజన్లు అంతకు మించి పొడిచేదేమీ లేదు. అసలు క్లచ్ ఆరోగ్యంగా ఉంటే ఆ భారాన్ని అవలీలగా మోస్తుంది. క్లచ్ పట్టు తప్పి జారుతోందంటే కారణం వేరే ఉంటుంది. అది తేల్చకుండా గట్టి ప్రెజర్ ప్లేటు (స్ప్రింగుల బలంతో క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపట్టేది) వేస్తే కొన్నాళ్లకు అదీ జారుతుంది, పైగా మీ ఎడమ మోకాలు అరుగుతుంది.

ముందు ఖర్చులేని పరీక్ష చేయండి. పెడల్‌కు పైన కాస్త ఖాళీ కదలిక ఉందా? లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉంటుంది. తర్వాత, క్లచ్ జారుతున్న సమయంలోనే బండి పక్కకు ఆపి, స్లేవ్ సిలిండర్ (పెడల్ నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించేది) దగ్గరి బ్లీడ్ నిపిల్‌ను, అంటే గాలి తీసే చిన్న మరను, కొద్దిగా వదులు చేయండి. క్లచ్ ఆయిల్ చివ్వున చిమ్మి, ఆ తర్వాత క్లచ్ పట్టు దొరికితే, తప్పు క్లచ్‌ది కాదు. పాత రబ్బరు గొట్టం లోపల ఉబ్బిపోయి ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదు, లేదా పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వచ్చే రంధ్రం మూసుకుపోయింది. గొట్టం మారిస్తే సరిపోయే జబ్బుకు ఇంజన్‌కూ గేరుబాక్సుకూ విడాకులు ఇప్పించిన వాళ్లను చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

రెండో అనుమానితుడు ఇంజన్ ఆయిల్. ఈ పాత ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (ఫ్లైవీల్‌ను తిప్పే ఇరుసు) వెనక కొసకు ఇప్పటి బండ్లలో ఉండే రబ్బరు సీల్ ఉండదు. షాఫ్ట్ మీద మర చుట్లలా గాడి కోసి ఉంటుంది, అది తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి తోసేస్తుంది. బేరింగులు అరిగినా, ఇంజన్ లోపలి ఆవిరి పోయే గొట్టం పూడుకుపోయినా ఆ గాడి చేతులెత్తేస్తుంది. క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది చూడండి, అక్కడ వేలు పెడితే నల్లగా జిడ్డు అంటుకుందా? అయితే ముందు ఆ సంగతి తేల్చుకోండి. జిడ్డు తాగిన క్లచ్ ప్లేటును పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేయించడం వృథా.

ఇక నా భాగోతం. చెన్నైలో బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటకు వెళ్లి "అంబాసిడర్ క్లచ్ ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్నాను. ఎవరినీ అనడానికి లేదు, అడగడంలోనే తప్పుంది. కలగాపులగం బండికి పేరు చెప్పి సామాను కొనకూడదు. క్లచ్ ప్లేటుకు రెండు వైపులా చుట్టాలు ఉంటారు. ప్లేటు వెడల్పునూ, ప్రెజర్ ప్లేటు బోల్టు రంధ్రాలనూ నిర్ణయించేది ఫ్లైవీల్. నడుమ ఉండే పళ్ల సంఖ్యనూ లావునూ నిర్ణయించేది గేరుబాక్సు షాఫ్ట్. పెళ్లి సంబంధంలాగా రెండు వైపులా విచారించాలి. నేను ఒక వైపే విచారించాను. ప్రెజర్ ప్లేటు చక్కగా కూర్చుంది, క్లచ్ ప్లేటు మాత్రం షాఫ్ట్ మీదికి ఎక్కనే లేదు.

రెండోసారి పళ్లు లెక్కపెట్టుకుని వెళ్లాను. ఎక్కింది, బిగించాం, కాణిపాకం తీసుకెళ్లి పూజ చేయించి నిమ్మకాయలు కూడా తొక్కించాం. తిరుగు దారిలోనే రివర్స్ గేరు కర్రుమంది. పెడల్ నేలకు ఆనేదాకా తొక్కినా క్లచ్ పూర్తిగా విడవడం లేదు. మళ్లీ దింపాం. గ్రీమ్స్‌పేటలో మా మేస్త్రీ ఆ ప్లేటును ఎండలో అటూ ఇటూ తిప్పి, నడుమ స్ప్రింగులున్న చోట సన్నని వలయాన్ని గోటితో చూపించాడు. చుట్టూ మసి, అదొక్కటే కొత్త రూపాయి అంచులా మెరుస్తోంది. ఎక్కడిదో ఫ్లైవీల్, దానికి దొరికిన బోల్టులు; వాటి తలలు కొంచెం ఎత్తుగా ఉండి ప్లేటు నడుముకు రాసుకుంటున్నాయి. సరైన ఎత్తు తలలున్న, అంతే బలమైన బోల్టులు వేశాక ఆ గొడవ తీరింది. బోల్టు తలలను అరగదీయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినకండి, ఫ్లైవీల్ ఊడితే కాళ్లు పోతాయి.

పెడల్ తొక్కినప్పుడు ప్రెజర్ ప్లేటును ఒత్తి క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ కూడా గమనించండి. పాత అంబాసిడర్లలో కార్బన్ ముక్కతో చేసినది ఉండేది. అది నున్నని ఉక్కు వలయం మీద ఒత్తితేనే పనిచేస్తుంది. వేళ్లలాంటి రేకులున్న డయాఫ్రం ప్రెజర్ ప్లేటు వేస్తే ఆ వేళ్లు కార్బన్‌ను కొరికి పొడి చేస్తాయి. దానికి గుండ్ల బేరింగే ఉండాలి, దాని ఎత్తు దాన్ని నెట్టే ఫోర్కుకు సరిపోవాలి. అలాగే క్రాంక్ చివర ఉండే చిన్న పైలట్ బుష్ మీ గేరుబాక్సు షాఫ్ట్ కొసకు సరిగ్గా సరిపోయిందో లేదో చూడండి. ఇది అందరూ మరిచిపోయేది.

ఇంత చెప్పినా గట్టి ప్రెజర్ ప్లేటే కావాలంటారా? మీరు పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ బలమంతా క్రాంక్‌ను ముందుకు నెడుతుంది. ఆ తోపును ఆపేవి నడిమి బేరింగ్ దగ్గరి సన్నని థ్రస్ట్ వాషర్లు. ఇంజన్ ఆపి, ఎవరినైనా క్లచ్ తొక్కమని, ముందు పుల్లీని చూడండి. కంటికి కనిపించేంతగా కదిలితే ఆ ఆలోచన మానుకోండి. పట్టు పెంచాలంటే ఫ్లైవీల్ ఒప్పుకున్నంత వరకు ప్లేటు వెడల్పు పెంచడం నయం. అయితే 200 మిల్లీమీటర్ల నుంచి 215కు పోతే స్ప్రింగు బలం అదే ఉన్నప్పుడు పెరిగేది సుమారు ఏడు శాతమే. పెడల్ కదలిక చాలడం లేదని స్లేవ్ సిలిండర్ లోపలి వ్యాసాన్ని అంగుళం నుంచి ఏడు బై ఎనిమిది అంగుళానికి మారిస్తే కదలిక 30 శాతం పెరుగుతుంది, తొక్కడానికి బరువూ అంతే పెరుగుతుంది.

నా బండి ఇప్పుడు మామూలు స్ప్రింగుల ప్రెజర్ ప్లేటుతో, లేత్ మీద నున్నగా చేయించిన ఫ్లైవీల్‌తో మొగిలి ఘాట్ మూడో గేరులో ఎక్కుతోంది. మీరు గేరుబాక్సు దించినప్పుడు ఫ్లైవీల్ ముఖం, షాఫ్ట్ పళ్లు, పాత ప్లేటు రెండు వైపులా ఫోటోలు తీసి, కొలతలతో పాటు ఇక్కడ పెట్టండి. జూన్‌లోపు పని పూర్తి చేయించుకోండి. ఆ తర్వాత బంగారుపాళ్యం వైపు వస్తే గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడికాయల ట్రాక్టర్ల వెనక గంటల తరబడి సగం క్లచ్ మీద పాకాలి, కొత్త ప్లేటు అయినా కమురు వాసన వస్తుంది.