ఒక్క వృషణమే దిగిన లాబ్రడార్ గురించి

కావలి మిత్రమా, మీ మగ లాబ్రడార్‌కు తొమ్మిది నెలలొచ్చినా ఒక్క వృషణమే సంచిలోకి దిగిందనీ, ఇంజెక్షన్లతో రెండోది దింపి చెన్నై డాగ్ షోకు తీసుకెళ్లవచ్చా అనీ అడిగారు. ఆ ఆశ వదులుకోండి. మామూలుగా రెండు నెలల వయసుకే రెండూ దిగుతాయి. ఆరు నెలలు దాటాక దిగడం చాలా అరుదు. షోలో జడ్జి పళ్లు చూసినట్టే వెనక కాళ్ల మధ్య తడిమి మరీ చూస్తారు. మన ఒంగోలు గిత్తను విత్తనానికి ఎంచే రైతు కూడా అది చూడకుండా వదలడు.

ఇంజెక్షన్లు, మర్దనలు డబ్బు దండగ. ఒకవేళ దిగినా దోషం వంశంలోనే ఉంటుంది, తల్లి వైపు నుంచీ వస్తుంది. అందుకే దీన్ని ఆడకుక్కకు దాటించి పిల్లల్ని పుట్టించకండి. కెన్నెల్ క్లబ్ కాగితాలున్నాయి కదా అంటారేమో, అవి తల్లిదండ్రులెవరో చెబుతాయి, అంతే!

అసలు చూసుకోవలసింది వేరే. లోపల ఉండిపోయిన వృషణం పెద్దయ్యాక కేన్సర్ గడ్డగా మారే ప్రమాదం ఎక్కువ. గజ్జలో వేలితో నొక్కితే చిన్న ఉండలా తగిలిందా, ఆపరేషన్ తేలిక. తగలకపోతే అల్ట్రాసౌండ్ తీయించి, పొట్టలో ఎక్కడుందో తెలుసుకుని, రెండూ తీయించేయండి. షో కుక్క అని చెప్పి మీకు ఎక్కువ ధరకు అమ్మి ఉంటే మాత్రం, ఆ తేడా మొహమాటపడకుండా వెనక్కి అడగండి.